రాయనంటున్నాడా, రాయలేకపోతున్నాడా?

తల్లిదండ్రులకు నమస్కారం.

మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌లో ఒకటి, రెండు తరగతుల వాళ్ల దగ్గర ఎక్కువగా విన్న మాట ఇది: "నోటితో గడగడా చెప్తాడు మేడమ్, రాయమంటేనే బద్ధకం." ఆ బద్ధకం సంగతే ఈ నెల ఉత్తరం.

రెండో తరగతి బాబు ఒకడు ఉండవల్లి గుహలు చూసొచ్చాడు. పడుకున్న స్వామి విగ్రహం ఎంత పొడుగో రెండు చేతులూ బార్లా చాచి చూపిస్తుంటే క్లాసంతా నోరు తెరుచుకుని విన్నది. అదే రాయమంటే పావుగంటకి రెండు వాక్యాలు, అవీ కోడి కెలికినట్టు. పక్కన కూర్చుని చూశాను. పెన్సిల్‌ని పిడికిట్లో బిగించాడు, అచ్చు వెనక పేజీ మీద కూడా తేలింది. 'విష్ణువు' రాస్తూ ష కి కొమ్మిచ్చాడు. ణ వత్తు ఎక్కడ పెట్టాలో తెలియక ఆగిపోయాడు. బోర్డు చూశాడు, రాశాడు, కాగితం చిరిగేదాకా చెరిపాడు, చెయ్యి విదిలించుకున్నాడు. ఇందులో బద్ధకం ఎక్కడుంది చెప్పండి?

మన అక్షరాలు దాదాపు అన్నీ గుండ్రనివే. పైన తలకట్టు, గుడి, కింద వత్తు. చెయ్యి పైకీ కిందికీ తిరుగుతూ ఉండాలి. ప-వ, మ-య తేడా చిన్న మలుపులోనే ఉంది. చిన్న తరగతుల్లో ఇవి తారుమారవడం, ఇంగ్లీషులో బి, డి తిరగబడటం మామూలే. రెండో తరగతి దాటుతున్నా అవే తప్పులు పోకుండా, చెయ్యి నొప్పంటూ, రాయాల్సి వచ్చినప్పుడల్లా కడుపునొప్పి వస్తుంటే మాత్రం పట్టించుకోవాలి. ముందు కళ్లు చూపించండి. ఆ తర్వాత జీజీహెచ్ (ప్రభుత్వ పెద్దాసుపత్రి) పిల్లల విభాగంలోనో, మీకు తెలిసిన పిల్లల డాక్టరు దగ్గరో అడిగితే ఆక్యుపేషనల్ థెరపిస్టు (రాయడంలాంటి రోజువారీ పనులకి చేతిని అలవాటు చేయించే నిపుణులు) దగ్గరికి పంపుతారు. డిస్‌గ్రాఫియా, అంటే రాయడంలో వచ్చే అభ్యసన ఇబ్బంది, ఉందో లేదో తేల్చాల్సింది నిపుణులే, మేము కాదు. తెలివితేటలకీ దానికీ సంబంధం లేదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఇలాంటి అభ్యసన ఇబ్బందులను కూడా చేర్చారు.

ఇంట్లో పది పేజీల కాపీరైటింగ్ పెట్టకండి. అలసిన చేత్తో ఎంత రాసినా పెన్సిల్ తప్పుగా పట్టుకోవడమే అలవాటవుతుంది. సెలవుల్లో పేపర్లో పెట్టి పంచే 'అందమైన దస్తూరి' కోచింగ్ కరపత్రాలు చూసి తొందరపడొద్దని కూడా నా సలహా. చపాతీ పిండి పిసకనివ్వండి, బఠానీలు ఒలవనివ్వండి, ఆరేసిన బట్టలకి క్లిప్పులు పెట్టనివ్వండి. వేళ్లకి బలం అలాగే వస్తుంది. రాసేటప్పుడు చిన్న సుద్దముక్కో, పొట్టి క్రేయానో ఇస్తే పిడికిలి పట్టు కుదరదు, వేళ్ల కొసలతోనే పట్టుకోవాలి. డైనింగ్ టేబుల్ కుర్చీలో కాళ్లు వేలాడుతుంటే కింద పీట వేయండి. ఎడమ చేత్తో రాసే పిల్లల్ని కుడిచేతికి మార్చొద్దు. పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే నన్ను కలవమనండి.

బడిలో ఇక తప్పులకి ఇంపోజిషన్ ఉండదు. రాయడం కష్టమైన పిల్లలు పరిసరాల విజ్ఞానం జవాబులు నోటితో చెప్పినా మార్కులు వేస్తాం. బోర్డు మీదిది సగం ఎక్కించుకుంటే చాలు.

సందేహం ఉన్నవాళ్లు శనివారం మధ్యాహ్నం రండి. ఫెయిర్ నోట్సు వద్దు, కొట్టివేతలున్న రఫ్ నోట్సే తీసుకురండి.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు,
గుంటూరు