గుర్రప్పందేల అభిమానుల సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవ సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశంలో మీరు నాకు రెండు పనులు అప్పగించారు. ఎప్పటిలాగే ఏడాది కార్యక్రమాలను వివరించడం ఒకటి. మైదానానికి వెళ్ళి పందేలు చూసేవారు ఏటికేడాది ఎందుకు తగ్గిపోతున్నారో ఆరా తీసి చెప్పడం రెండోది. మొదటి పని మూడు పేరాల్లో తేలిపోతుంది. రెండోదాన్ని పట్టుకున్నాక వదలబుద్ధి కాలేదు కనుక ఈసారి నివేదికలో సింహభాగం దానిదే. లెక్కలు ముందుండాలని కోశాధికారిగారు పట్టుబట్టారు కానీ అవి చివరనే ఉన్నాయి.

కార్యక్రమాలు

నెలవారీ సమావేశాలు నరసాపురంలోని మన గదిలోనే జరిగాయి. జులైలో గోదావరి పొంగి పంటు (రేవు దాటించే పడవ) ఆగిపోవడంతో సఖినేటిపల్లి, రాజోలు వైపు సభ్యులు రాలేకపోయారు. మిగతా నెలల్లో రాకపోయినందుకు గోదావరిని తప్పు పట్టడానికి వీల్లేదు.

డిసెంబరులో పాలకొల్లు దగ్గర గుర్రాలకు ఉచిత వైద్య శిబిరం పెట్టాం. జట్కాలు పోయాక మన డెల్టాలో మిగిలిన గుర్రాల్లో ఎక్కువ పెళ్ళి ఊరేగింపులవే. వాటికి నట్టల మందు తాగించి, ధనుర్వాతం రాకుండా సూదులు వేయించాం. అసలు ఇబ్బంది కాళ్ళ దగ్గర బయటపడింది. ఒక తెల్ల ఆడగుర్రం ముందుకాలి లాడం ఒక పక్క పూర్తిగా అరిగిపోయి, మేకు గిట్టలోకి దిగబడి ఉంది. అది కాలు నేలకు ఆనించీ ఆనించనట్టు నిలబడుతుంటే యజమాని ‘పొగరండీ’ అన్నాడు. డాక్టరుగారు మేకు లాగి చూపించాక మాట్లాడలేదు. లాడాలు కొట్టే మనిషి చుట్టుపక్కల దొరకడం లేదు. తారు రోడ్డు మీద లాడం తొందరగా అరుగుతుంది, మార్చేవాడు మాత్రం జిల్లా దాటి రావాలి. ఏటా రెండుసార్లు అలాంటి పనివాడిని పిలిపించి ఖర్చు సంఘమే భరించాలని కార్యవర్గం తీర్మానించింది.

ఆగస్టులో హైదరాబాద్ మలక్‌పేట రేసు మైదానానికి యాత్ర. నియమం పాతదే: రైలు టికెట్టు, బస, భోజనం సంఘం ఏర్పాటు, పందెం కట్టడం ఎవరి జేబు వాళ్ళది. సంఘం డబ్బుతో ఒక్క రూపాయి కూడా పందెం కట్టలేదు.

మలక్‌పేటలో చూసినది

పాత సభ్యులకు గుర్తుండే ఉంటుంది. ఒకప్పుడు సికింద్రాబాద్‌లో దిగి సిటీ బస్సుల్లో వేలాడుతూ మలక్‌పేట చేరేసరికి మొదటి పందెం అయిపోయేది. ఇప్పుడు పరేడ్ గ్రౌండ్స్‌లో మెట్రో ఎక్కి ఎం.జి.బి.ఎస్.లో మారితే పక్క స్టేషనే మలక్‌పేట. దారి ఇంత సుఖమయ్యాక జనం పెరగాలి. స్టాండులో కూర్చోవడానికి మాకు కావలసినంత చోటు దొరికింది, రుమాలు వేసి సీటు ఆపుకోవలసిన అవసరమే రాలేదు. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ 1886లో మౌలాలీ నుంచి పందేలను ఇక్కడికి మార్పించారు. ఆనాటి నుంచి నగరం మైదానం చుట్టూ పెరిగి దగ్గరికి వచ్చింది. నగరవాసులు మాత్రం దూరమయ్యారు.

వచ్చిన వాళ్ళలోనూ సగం మంది ట్రాకుకు వీపు పెట్టి నిలబడ్డారు. వాళ్ళ కళ్ళు గోడమీది టీవీల మీద ఉన్నాయి. అందులో మరో ఊరి పందెం నడుస్తోంది, కౌంటరులో ఆ ఊరి పందేనికి కూడా డబ్బు కట్టవచ్చు. వెనక నుంచి గిట్టల చప్పుడు దగ్గరకొచ్చి, నేల అదిరి, దూరమైపోయినా తల తిప్పని వాళ్ళను చూశాం.

పందేనికి ముందు గుర్రాలను నడిపించి చూపే ఆవరణ, పాడాక్ దగ్గర మాత్రం పాత కళ కొంత మిగిలి ఉంది. సైసులు (గుర్రాలను చూసుకునే పనివాళ్ళు) కళ్ళేలు పట్టుకుని గుర్రాలను గుండ్రంగా నడిపిస్తుంటే, చేతిలో రేసు పుస్తకం మడిచి పట్టుకుని కంచె ఆనుకుని చూసే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. మన సంఘంలోని రిటైరైన మాస్టారు ఒకరు, మొదటిసారి వచ్చిన భీమవరం కుర్రాడిని పక్కన నిలబెట్టుకుని పాఠం చెప్పారు. ‘చెవులు చూడు బాబూ, ముందుకు నిక్కి ఉన్నాయంటే దాని ధ్యాస పని మీద ఉన్నట్టు. ఆ నాలుగో నంబరు చూశావా, మెడంతా చెమట. పరిగెత్తకముందే సగం పరుగు అయిపోయింది దానికి.’ ఆ పందెం నాలుగో నంబరే గెలిచింది. మాస్టారు సాయంత్రం దాకా ఆ ప్రస్తావన తేలేదు. కుర్రాడు మాత్రం మిగతా పందేలన్నిటికీ ముందు పాడాక్‌కే పరిగెత్తాడు, ఒక్కటంటే ఒక్క పందెం కట్టలేదు. ‘చెవులు చూడడమే బాగుందండీ’ అన్నాడు తిరుగు రైల్లో.

ఆ కుర్రాడి చేతిలోని పుస్తకమంతా ఇంగ్లీషులో ఉంది. 1200 మీటర్లు అంటే ఎంతసేపు, గుర్రం మీద వేసే బరువు ఎందుకు మారుతుంది, గేటు నంబరుతో లాభమేమిటి, ఇవి చెప్పే నాథుడు మాస్టారు తప్ప అక్కడ మరొకరు కనిపించలేదు.

ఎందుకు తగ్గారు?

అందరూ చెప్పే కారణాలు ఉన్నాయి, అవి అబద్ధాలు కావు. పందెం నిమిషమో, నిమిషంన్నరో. తర్వాతి పందేనికి అరగంట ఎదురుచూపు. ఐపీఎల్‌లో ఆ అరగంటలో అర ఇన్నింగ్సు దగ్గర పడుతుంది. కరోనాలో పందేలు మొదట ఆగి, తర్వాత ఖాళీ స్టాండుల ముందు నడిచాయి, ఇంట్లో కూర్చోవడం అప్పుడు బాగా అలవాటైంది. పన్ను మరో దెబ్బ. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు పందేలను 28 శాతంలో పెట్టారు. 2023 అక్టోబరు నుంచి కట్టిన పూర్తి మొత్తం మీద పన్ను పడుతుందని చట్టంలోనే స్పష్టం చేశారు. పన్ను కట్టే కౌంటరు కంటే పన్ను ఎగ్గొట్టే దొంగ బుకీ ఎక్కువ ఇస్తానంటాడు, వాడు ఫోనులోనే దొరుకుతాడు. గుర్రప్పందెం ప్రధానంగా నైపుణ్యంతో కూడుకున్నదని 1996లో సుప్రీంకోర్టు చెప్పింది. పన్ను వేసేటప్పుడు మాత్రం దాన్ని కాసినోల పక్కనే కూర్చోబెట్టారు.

అయితే ఈ జబ్బు జీఎస్టీ కంటే, ఫోను కంటే పాతది. ఇంగ్లండులో 1961 మే నెలలో వీధి చివర పందెం దుకాణాలకు అనుమతి వచ్చింది. న్యూయార్కులో 1971లో మైదానం బయట కౌంటర్లు తెరిచారు. డబ్బు కట్టడానికి మైదానానికి రానక్కర లేదన్నది ఆ రోజుల్లోనే తేలిపోయింది. తర్వాత టీవీ, ఉపగ్రహ ప్రసారం, ఫోను ఒక్కొక్కటీ ఆ దారినే వెడల్పు చేశాయి. బ్రిటన్‌లో 2015లో 61 లక్షలున్న ప్రేక్షకులు 2023 నాటికి 48 లక్షలకు దిగారు. జపానులో 1990లో డెర్బీ అనే పెద్ద పందేనికి టోక్యో మైదానానికి 1,96,517 మంది వచ్చారు. నేడు అక్కడ పందెం డబ్బులో అధిక భాగం ఇంటర్నెట్టులోనే కదులుతోంది.

నివేదిక ఏడాదే చూడండి. మనం మలక్‌పేట నుంచి తిరిగొచ్చిన కొద్ది వారాలకు, సెప్టెంబరులో, తమిళనాడు ప్రభుత్వం చెన్నైలోని గిండీ మైదానం లీజు రద్దు చేసి 160 ఎకరాలకు తాళం వేసింది. వ్యవహారం కోర్టుకెక్కింది. అంతకుముందు జూన్‌లో ఊటీ మైదానం భూమిని జిల్లా యంత్రాంగం స్వాధీనం చేసుకుంది. ముంబయి మహాలక్ష్మి మైదానంలో 120 ఎకరాలు పార్కు కోసం నగరపాలక సంస్థకు పోయాయి. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గరి గోల్డెన్ గేట్ ఫీల్డ్స్ జూన్‌లో మూతపడింది. మకావులో పందేలు ఏప్రిల్ ఒకటి నాటికే ముగిశాయి.

అన్నిటికంటే పెద్ద వార్త సింగపూరుది. 1842లో పుట్టిన క్లబ్బు నడిపిన పందేలు అక్టోబరు 5తో సరి. 2010లో రోజుకు సగటున 11,000 మంది వచ్చే మైదానానికి 2019లో 6,000 మందే వచ్చారు. అంటే కరోనాకు ముందే సగం ఖాళీ. ఆ ఊళ్ళో రెండు కాసినోలు తెరుచుకున్నది కూడా 2010లోనే. క్రాంజిలోని ఆ మైదానం 124 హెక్టార్లు ఇళ్ళ కోసం ప్రభుత్వానికి తిరిగి వెళ్ళిపోతాయి. స్టాండు నిండా జనం ఉన్న మైదానాన్ని లాక్కోవాలంటే ఏ ప్రభుత్వమైనా జంకుతుంది. ఖాళీగా ఉన్నదాన్ని అడిగినప్పుడు అడ్డుపడేదెవరు?

ఇక్కడ నా అభిప్రాయం రాస్తున్నాను, కార్యవర్గంలో ఇద్దరు దీనితో ఏకీభవించలేదని కూడా నమోదు చేస్తున్నాను. క్లబ్బులు తరతరాలుగా పందెం కట్టేవాడి మీదే బతికాయి. గుర్రాన్ని చూడవచ్చేవాడిని లెక్కలోకి తీసుకోలేదు, ఎందుకంటే వాడి వల్ల కౌంటరుకు పైసా రాదు. ఆడవాళ్ళు, పిల్లలు వచ్చి ఒక పూట గడపడానికి నీడ, మంచినీళ్ళు, నాలుగు తెలుగు మాటల్లో వివరణ కల్పించాలన్న ఆలోచనే లేదు. రేసులకు వెళ్తాడంటే పిల్లనివ్వని రోజులు మనకు తెలుసు. ఆ మచ్చ చెరపడానికి ఎవరూ పైసా ఖర్చుపెట్టలేదు. పందెం ఫోనులోకి మారగానే పందెంగాడు దాని వెంట పోయాడు, మైదానంలో మిగలాల్సిన ప్రేక్షకుడు మొదటి నుంచీ తయారు కాలేదు.

ప్రేక్షకుడిని తయారు చేసుకున్న చోట ఇప్పటికీ కిక్కిరిసే ఉంది. అమెరికాలో మామూలు రోజుల్లో వెలవెలబోయే స్టాండులు, మే మొదటి శనివారం కెంటకీ డెర్బీకి లక్షన్నర మందితో నిండుతాయి. మెల్‌బోర్న్ కప్పు రోజున ఆ నగరానికి సెలవు. వాళ్ళంతా గుర్రాల చెమట పరీక్షించే మేధావులేం కారు. టోపీలు, కొత్త బట్టలు, తినుబండారాలు, నలుగురి కంటా పడడం, వీటి కోసం వస్తారు. రావడమే పండగ.

ఇది మనకు ఎవరో నేర్పాల్సిన సంగతి కాదు. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థాన్ని టీవీలు చూపిస్తూనే ఉంటాయి, ఫోనుల్లో వీడియోలకు లోటు లేదు. అయినా గంగలకుర్రు ప్రభ భుజాల మీద కౌశికలో దిగి నీళ్ళు దాటే సమయానికి గట్టు మీద కాలు పెట్టే చోటుండదు. ఈ సంక్రాంతికి ఆత్రేయపురం కాలువలో పడవ పందేలకూ అదే తీరు. కోడిపందేల ఊసు నివేదికలో వద్దని ఒకరు సూచించారు. చట్టం నిషేధించిన వాటిని పొగిడే ఉద్దేశం నాకూ లేదు. బరుల దగ్గర పెద్ద తెరలు పెట్టినా జనం బరి చుట్టూనే ఎందుకు తోసుకుంటారో మాత్రం ఆలోచించాలి.

టీవీ ప్రతిపాదన

సంఘం గదిలో పెద్ద టీవీ పెట్టి, పందేల రోజుల్లో ప్రత్యక్ష ప్రసారం చూపించాలని కొందరు సభ్యులు రాతపూర్వకంగా కోరారు. మోకాళ్ళ నొప్పులతో మలక్‌పేట రాలేని పెద్దల కోసం అన్నారు, అది నిజమే. కానీ నెలవారీ సమావేశాన్ని ఫోనులో చూపించడం మొదలుపెట్టిన నాటి నుంచి గదిలో కుర్చీలు ఎన్ని ఖాళీగా ఉంటున్నాయో కుర్చీలు వేసే మనిషిని అడగండి. ఫోనులో చేరినవారిలో చాలామంది సమావేశం సగంలో ఉండగానే నిద్రపోతున్నారు, గురక మాకు వినిపిస్తోంది. టీవీ వస్తే వచ్చే ఏడాది యాత్రకు బోగీలో నేనూ మాస్టారూ మిగులుతామని నా భయం. కోశాధికారిగారు టీవీ కావాలంటున్నారు. కార్యవర్గం రెండుగా చీలింది కనుక నిర్ణయం మీకే వదిలేశాం.

దానికి బదులుగా నేను పెడుతున్న ప్రతిపాదన ఇది. వచ్చే యాత్రకు ప్రతి సభ్యుడూ ఇంటి నుంచి ఇంతవరకు పందేలు చూడని ఒకరిని వెంట తేవాలి, వారి రైలు ఖర్చులో సగం సంఘం పెట్టుకోవాలి. రేసు పుస్తకం చదివే పద్ధతి, దూరాలు, బరువులు, రంగుల చొక్కాల సంగతి వివరిస్తూ మాస్టారు ఒక చిన్న తెలుగు పుస్తకం రాస్తానన్నారు. నాలుగో నంబరు ఉదంతం అందులో ఉండకూడదని షరతు పెట్టారు.

లెక్కలు, చందాలు

ఆదాయ వ్యయాల పట్టిక ఆడిటరుగారి సంతకంతో గది బయట బోర్డు మీద ఉంది. శిబిరానికి మందులు ఇచ్చిన దాతలకు, చేయి వేసిన పశువైద్యులకు సంఘం తరపున ధన్యవాదాలు. ఏడాది చందా పెంచడం లేదు. బకాయిలు మాత్రం పేరుకుపోయాయి. పేర్లు చదవవద్దని కార్యవర్గం కోరినందున చదవడం లేదు. ఉగాదిలోపు చెల్లిస్తే ఆ అవసరమూ రాదు.

టీవీ ప్రతిపాదన మీద, యాత్ర ప్రతిపాదన మీద సర్వసభ్య సమావేశంలో చేతులెత్తి ఓటు వేయాలి. నిబంధనావళి ప్రకారం గదిలో హాజరైన సభ్యుల ఓట్లే చెల్లుతాయి. ఫోనులో చేరినవారు చూడవచ్చు, వినవచ్చు, ఓటు లేదు. సఖినేటిపల్లి వైపు సభ్యులు చివరి పంటు అందుకునేలా సమావేశం సాయంత్రం నాలుగింటికే మొదలవుతుంది, కాఫీ ముందే ఇస్తాం.

ఇట్లు,
కార్యదర్శి,
నరసాపురం