ట్రైలర్ టైర్ల లోడ్ రేటింగు గురించి

సభ్యులందరికీ నమస్కారం. అమెరికాలో సొంత క్యాంపింగ్ ట్రైలర్లున్న మన కుటుంబాలు టైర్లు మార్చేటప్పుడు సైజుతో పాటు, టైరు ఎంత బరువు మోయగలదో తెలిపే లోడ్ రేంజి అక్షరాన్నీ (సి, డి వంటివి) తప్పక చూసుకోవాలని కోరుతున్నాను.

ఎస్‌టీ205/75ఆర్15 అనే ఒకే సైజులో 'సి' రకం టైరు 50 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) గాలితో 1,820 పౌండ్లు మోస్తే, 'డి' రకం 65 పీఎస్ఐతో 2,150 పౌండ్లు మోస్తుంది. రెండు ఇరుసుల ట్రైలరు గరిష్ఠ బరువు 7,000 పౌండ్లనుకుంటే, నాలుగు 'సి' టైర్లు కలిపి మోయగలిగేది 7,280 కాబట్టి కాగితం మీద సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ ఫ్రిజ్, వంటగట్టు ఒకే పక్కన ఉండి, 40 గ్యాలన్ల ట్యాంకు కూడా నిండి ఉంటే (ఆ నీరే దాదాపు 330 పౌండ్లు) బరువు నాలుగు చక్రాల మీదా సమానంగా పడదు. ఎక్కువ భారం పడిన టైరు తన హద్దు దాటిపోతుంది. అందుకే ఇలాంటి ట్రైలరుకు 'డి' రకమే మేలని నా గట్టి అభిప్రాయం. అయితే రిమ్ము కూడా 65 పీఎస్ఐని తట్టుకోగలదో లేదో దాని మీది ముద్ర చూసి నిర్ధారించుకోవాలి.

గాలి ఎప్పుడూ బయలుదేరే ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవండి. గాలి తగ్గితే మోయగల బరువూ తగ్గుతుంది, టైరు వేడెక్కి పగిలే ప్రమాదం పెరుగుతుంది. టైరు పక్క భాగం మీద ముద్రించి ఉండే డాట్ కోడు చివరనున్న నాలుగు అంకెలు తయారైన వారాన్నీ సంవత్సరాన్నీ చెబుతాయి: 2319 అంటే 2019లో 23వ వారం. సామాను, నీరు నింపాక ట్రక్ స్టాపులోని కాటా మీద తూకం వేయించి, ఆ తర్వాతే టైర్లు కొనండి.