ఏడాది దాటినా కదలని విల్లు

సంపాదకులకు నమస్కారం. ఇంగ్లండ్‌లో లెస్టర్‌లో ఉండే మా పెద్దమ్మ పోయి 14 నెలలైంది. పిల్లల మధ్య గొడవలెందుకని, విల్లు రాసిన సొలిసిటర్‌నే (అక్కడి లాయర్‌నే) దాన్ని అమలు చేసే ఎగ్జిక్యూటర్‌గానూ పెట్టింది. అన్నయ్య ఫోన్ చేస్తే ‘ప్రొబేట్ ఇంకా రాలేదండీ’ (విల్లు అమలుకు కోర్టు ఇచ్చే అనుమతి) అంటారు, అసలు అప్లై చేశారో లేదో మాత్రం చెప్పరు. గట్టిగా అడుగుదామంటే ఆ ఫోన్‌కీ బిల్లు వేస్తారేమోనని టెన్షన్! ఖాళీ ఇంట్లో చలికి పైపు పగిలి వంటింటి గోడంతా బూజు పట్టింది, తలుపు వెనక ఉత్తరాలు గుట్టపడ్డాయి.

అక్కడి చట్టం ప్రకారం మనిషి పోయాక ఏడాది లోపు ఆస్తి పంచమని ఎగ్జిక్యూటర్‌ని బలవంతపెట్టలేం, సరే, ఆ ఏడాదీ అయిపోయిందిగా. ముందు ఆ సొలిసిటర్ ఆఫీసుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలట, 8 వారాల్లో తేల్చకపోతే లాయర్లపై ఫిర్యాదులు చూసే లీగల్ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి వెళ్లొచ్చట. ఈ ముక్క మాకు మొన్నే తెలిసింది. అక్కడ విల్లు రాసే మనవాళ్లు సొలిసిటర్‌తో పాటు ఇంట్లోవాళ్లలో ఒకరి పేరు కూడా ఎగ్జిక్యూటర్‌గా రాయించండి.

— ఒక పాఠకుడు, విజయవాడ