సీమేక్‌లో 'కంపైలర్ ఐడెంటిఫికేషన్ ఈజ్ అన్‌నోన్' అని వస్తే

అందరికీ నమస్కారం. సీమేక్ (ప్రోగ్రామ్‌ని బిల్డ్ చేయడానికి సెటప్ చేసిపెట్టే టూల్) ఇచ్చే ఈ ఎర్రర్ గురించి చాలామంది అడుగుతున్నారు కాబట్టి ఒకేసారి రాస్తున్నా. ఇది రాగానే కంపైలర్ (కోడ్‌ని నడిచే ప్రోగ్రామ్‌గా మార్చేది) తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయకండి, చాలాసార్లు అది దండగ పని.

సీమేక్ ముందుగా ఒక చిన్న సీ ఫైల్‌ని కంపైల్ చేసి, వచ్చిన అవుట్‌పుట్‌లో కంపైలర్ పేరు వెతుకుతుంది. ఆ చిన్న ఫైలే కంపైల్ కాకపోతే 'అన్‌నోన్' అంటుంది. అది ఎందుకు కాలేదో లాగ్‌లో (జరిగినదంతా రాసుకునే ఫైల్‌లో) ఉంటుంది. బిల్డ్ ఫోల్డర్‌లో సీమేక్‌ఫైల్స్ లోపల చూడండి: సీమేక్ 3.26 వెర్షన్ నుంచి సీమేక్‌కాన్ఫిగర్‌లాగ్ అనే యామల్ ఫైల్, అంతకుముందు వెర్షన్లలో సీమేక్‌ఎర్రర్ లాగ్. స్క్రీన్ మీది చివరి రెండు లైన్లు కాదు, ఈ లాగ్ పంపితేనే ఎవరైనా సాయం చేయగలరు.

సీఫ్లాగ్స్‌లో (కంపైలర్‌కి ఆప్షన్లు ఇచ్చే వేరియబుల్‌లో) ఎప్పుడో పెట్టి మరచిపోయిన ఆప్షన్ ఉన్నా ఇదే గొడవ. విండోస్‌లో విజువల్ స్టూడియో ఉన్నా అందులో సీ++ వర్క్‌లోడ్ (సీ++ టూల్స్ ప్యాకేజీ) వేసుకోకపోతే పని జరగదు. మాక్‌లో అయితే ఎక్స్‌కోడ్ లైసెన్స్ ఒప్పుకున్నారో లేదో చూడండి.

సరిచేశాక పాత బిల్డ్ ఫోల్డర్ తీసేయండి. మీ సీమేక్ 3.24 లేదా ఆ తర్వాతిదైతే 'ఫ్రెష్' ఆప్షన్ చాలు. ఏ సీ కంపైలర్ వాడాలో చెప్పే సీసీ వేరియబుల్ మార్చినా, పాత క్యాష్ (ముందుసారి దాచుకున్న సెట్టింగ్స్) ఉన్నంతవరకు సీమేక్ ఆ మార్పుని పట్టించుకోదు.