పౌడరు పూసుకున్న ఇంజను

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. తిట్టుకో, పడతాను. ఇంట్లో అందరూ క్షేమం, నా మోకాలి నొప్పి తగ్గింది, చిన్నవాడు పరీక్ష గట్టెక్కాడు. వార్తలు అయిపోయాయి. ఇక అసలు సంగతి. ఇది నీకు తప్ప ఎవరికి చెప్పినా ఆవలిస్తారు.

మన ముసలి పికప్ గుర్తుందిగా? 3,80,000 కిలోమీటర్లు దాటింది. ఈమధ్య ఆయిలు తాగడం మొదలుపెట్టింది, 1,500 కిలోమీటర్లకు దాదాపు లీటరు! దానికి తోడు కింద నుంచి మోత. గేరు వేసి క్లచ్ వదలగానే టంగుమని ఒక దెబ్బ, నెమ్మదిగా వెళ్తుంటే పిచ్చుకలా కిచకిచ. మెకానిక్ కిందకు వంగి, ఇంజనూ గేరుబాక్సూ కలిసేచోట తడి చూసి, "ఇంజను ఆయిలు బయటికి రాకుండా ఆపే క్రాంక్ వెనక సీల్ పోయింది, గేరుబాక్స్ దింపాలి. ఎలాగూ దింపుతున్నాం కాబట్టి ఇంజను కూడా విప్పేద్దాం" అన్నాడు. రెండు జబ్బులకూ ఒకే ఆపరేషన్! తల ఊపేవాడినే. అప్పుడు హాస్టల్లో కప్పు కారితే, నీళ్ళు పడేచోటే చిల్లు ఉందనుకుని నువ్వు పెట్టిన బకెట్ గుర్తొచ్చింది. నవ్వకు, ఆ బకెట్టే నన్ను కాపాడింది.

ముందు ఆయిలు కాలుతోందా, కారుతోందా తేల్చుకోవాలి కదా. పొద్దున్నే చల్లటి ఇంజను స్టార్ట్ చేయించి సైలెన్సర్ వెనక కాపు కాశాను. ఆయిలు కాలితే పొగ నీలంగా ఉంటుంది. ఇంజను పైభాగంలో వాల్వుల దగ్గర ఆయిలును ఆపే సీళ్ళు అరిగితే మొదట్లో కాస్త నీలం పొగ వచ్చి ఆగిపోతుంది, పిస్టన్ రింగులు అరిగితే ఎక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా వస్తుంది. రెండూ లేవు. రాత్రంతా కింద అట్ట పరిస్తే నాలుగే చుక్కలు. మరి లీటరు ఎటు పోయినట్టు? బండి నడుస్తున్నప్పుడు, వేడి మీద పోతోందన్నమాట.

ఇంజనంతా కడిగి ఆరబెట్టి, ముఖానికి రాసుకునే పౌడరు సగం డబ్బా దాని మీద చల్లాను. మా ఆవిడ చూసిన చూపు వర్ణించలేను. ఇరవై కిలోమీటర్లు తిప్పి బానెట్ ఎత్తితే, తెల్లటి పౌడరు మీద సన్నటి నల్లగీత! ఇంజను నెత్తి మీది మూత, అదే ట్యాపెట్ కవర్, దాని వెనక మూల, అద్దం పెడితే తప్ప కనబడని చోట మొదలై, ఇంజను వీపు మీదుగా జారి, సరిగ్గా ఆ సీల్ దగ్గరికే దిగుతోంది. ఆ మూత కింది ప్యాకింగ్ ఊడదీస్తే రబ్బరులా వంగలేదు, అప్పడంలా పుటుక్కున విరిగింది. తడి కింద కనబడితే చిల్లు కూడా అక్కడే ఉందనుకోవడం... సరే, నీకు చెప్పాలా, బకెట్ మహాశయా!

మోత కథ వేరు. నెమ్మదిగా దొర్లుతుండగా న్యూట్రల్ చేసి ఎక్సిలరేటర్ తొక్కాను. ఇంజను హోరు పెరిగింది గానీ కిచకిచ మాత్రం చక్రాల వేగాన్నే పట్టుకుని ఉంది. అంటే గేరుబాక్స్ దాటాక ఎక్కడో ఉంది. చక్రాలకు అడ్డు పెట్టి, కిందకు దూరి, గేరుబాక్స్ నుంచి వెనక చక్రాల వైపు వెళ్ళే ప్రొపెల్లర్ షాఫ్ట్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పాను. వెనక జాయింట్ దగ్గర షాఫ్ట్ ముందు కదిలి, ఆ తర్వాత గానీ అవతలి ముక్క కదలడం లేదు. జాయింట్ బేరింగు కప్పు చుట్టూ కుంకుమ చల్లినట్టు ఎర్రటి తుప్పుపొడి! విప్పితే గ్రీజు జాడే లేదు. సూది బేరింగులు జాయింట్ మధ్యలో ఉండే క్రాస్ మీద గోటికి తగిలేంత లోతుగా గీతలు పెట్టాయి. కాసేపు గర్వంగా తిరిగాను. ఆ తర్వాత సిగ్గేసింది. దానికి చివరిసారి గ్రీజు ఎప్పుడు కొట్టించానో గుర్తే లేదు.

కొత్త క్రాస్ వేశాక టంగు పోయింది, పిచ్చుక ఎగిరిపోయింది. హాయిగా ఉందనుకుంటే, ఇన్నాళ్ళూ ఆ గోలలో వినబడని ఇంకో గొంతు బయటపడింది. అరవై వేగంలో తొక్కితే ఊఁ అని మూలుగు, కాలు తీస్తే మాయం. మలుపుల్లో మారదు కాబట్టి చక్రాల బేరింగు కాదు. వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల డబ్బా, అదే డిఫరెన్షియల్, దానికి ఆయిలు పోసే బోల్టు విప్పి వేలు పెట్టాను. రంధ్రం అంచు దాకా ఉండాల్సిన ఆయిలు వేలికి అంటనే లేదు. కుళ్ళిన గుడ్డు వాసన మాత్రం మూడు రోజులు చేతిని వదల్లేదు. ముందు, షాఫ్ట్ దాంట్లోకి వెళ్ళేచోట ఉన్న పినియన్ సీల్ తడిగా ఉంది. సీల్ మార్చి ఆయిలు నింపాను, మూలుగు తగ్గింది గానీ పోలేదు. బహుశా పినియన్ బేరింగు కూడా...

బయట హారన్ కొడుతున్నారు, సామాను వేయడానికి బండి కావాలట. మిగతాది వచ్చే ఉత్తరంలో. నువ్వు మాత్రం నాలా ఆలస్యం చేయకు.

నీ
పౌడరు డబ్బా