తోక చూశారు, తల చూడలేదు

సంపాదకులు గారికి,

మార్చి దగ్గర పడేసరికి మీ పత్రికలో ఆఫీసుల పాత సామాను వేలం ప్రకటనలు వరస కడతాయి. వాటిలో ‘పనికిరాని కంప్యూటర్ పరికరాలు, ఒక లాటు’ అని ఒక లైను ఉంటుంది. ఆ లాటు గురించే ఈ ఉత్తరం. నేను ముప్పై ఏళ్ళు కంప్యూటర్ల రిపేరు పనిలో ఉండి ఇంటిపట్టున కూర్చున్నవాణ్ణి.

మొన్న సంక్రాంతి వెళ్ళాక, ఒకప్పుడు నేను సర్వీసు చేసిన ఆఫీసు నుంచి ఫోన్. రిటైరైన గుమస్తా ఒకాయనకి 2001 నాటి జీతం లెక్క కావాలి. రిజిస్టర్లు చెదలు తినేశాయి. కంప్యూటర్ డేటా కాపీ చేసి దాచే చిన్న క్యాసెట్, డీడీఎస్-3 టేపు మాత్రం బీరువాలో ఉంది, దాని మీద మార్కరుతో ‘మార్చి 2001’ అని రాసి ఉంది. పాత సిస్టమ్, బయట పెట్టే టేపు డ్రైవ్ కూడా స్టోర్ రూములో దొరికాయి. టేపు పెడితే ఫైళ్ళ పేర్లు గడగడా వస్తున్నాయి, రెండు మూడు నిమిషాలకి ఆగిపోతోంది. చూడటానికి వచ్చిన కుర్రాడు ‘హెడ్ పోయింది, డ్రైవ్ మార్చాలి’ అన్నాడట. డేటా తీసిచ్చే వాళ్ళని అడిగితే వాళ్ళు చెప్పిన రేటు విని మేనేజరు గారికి టెన్షన్ పట్టుకుంది.

వెళ్ళాను. ముందు చేసిన పని, క్యాసెట్ అంచున ఉండే చిన్న బిళ్ళని జరిపి, రంధ్రం తెరుచుకునేలా పెట్టడం. ఇక పొరపాటున కూడా దాని మీద ఏదీ రాయబడదు. క్లీనింగ్ క్యాసెట్ తిప్పాను, తేడా లేదు. డ్రైవ్ వెనక రెండు 50 పిన్నుల సాకెట్లు. ఒకదానికి కేబుల్, రెండోదానికి టర్మినేటర్. ‘ఆ మూత ఉందండీ, నేనే గట్టిగా నొక్కాను’ అన్నాడు అటెండరు. మూత అనుకుని దాన్ని పారేసిన ఆఫీసులు నాకు తెలుసు. ఈయన ఉంచాడు, సంతోషం.

తెలియనివాళ్ళ కోసం ఒక మాట. ఇలాంటి డ్రైవ్‌ని కంప్యూటర్‌కి కలిపే పాత పద్ధతి పేరు స్కజీ. ఆ కేబుల్లో సిగ్నల్ కాలవలో నీళ్ళ లాంటిది. చివర లాకు తలుపు మూసేస్తే అల దానికి కొట్టుకుని వెనక్కి వస్తుంది, వచ్చే అలతో కలిసి గందరగోళం చేస్తుంది. ఆ చివరి అలని మింగేసే రెసిస్టర్లే టర్మినేటర్. పాత రకంలో ఒక్కో సిగ్నల్ తీగకి కరెంటు వైపు 220 ఓములు, గ్రౌండు వైపు 330 ఓములు ఉంటాయి. ఇవి కేబుల్‌తో కలిపిన పరికరాల వరసకి రెండు చివర్లా ఉండాలి, మధ్యలో ఎక్కడా ఉండకూడదు.

మీటరు పెట్టి చూశాను. సిగ్నల్ తీగ మీద మూడు వోల్టులకి కాస్త తక్కువ. అంతా బాగానే ఉందనిపిస్తుంది. మోసం అక్కడే ఉంది. ఒక చివర టర్మినేటర్ లేకపోయినా మీటరు దాదాపు అంతే చూపిస్తుంది.

సిస్టమ్ ఆన్ అయ్యేటప్పుడు కంట్రోల్, ఏ నొక్కి కంప్యూటర్ లోపల ఈ కేబుల్ తగిలే అడాప్‌టెక్ కార్డు మెనూలోకి వెళ్ళి, వేగం సెకనుకి 10 మెగాబైట్ల నుంచి 5కి తగ్గించాను. ఈసారి టేపు పావుగంట చదివి ఆగింది. హెడ్డే పోయి ఉంటే కార్డు వేగం తగ్గించినంత మాత్రాన ఇంత తేడా రాదు. లోపం తీగ దారిలో ఉందన్నమాట. అదే మెనూలో కిందకి దిగితే కనిపించింది: కార్డు టర్మినేషన్, అంటే కార్డులోనే ఉండే టర్మినేటర్, ఆపేసి ఉంది.

అదెందుకో నాకు వెంటనే గుర్తొచ్చింది. ఒకప్పుడు ఆ సిస్టమ్ లోపల స్కజీ హార్డ్‌డిస్క్ ఉండేది. లోపల డిస్కు, బయట టేపు, నడుమ కార్డు. నడుమ ఉన్నదానికి టర్మినేషన్ ఉండకూడదు కనక ఆపేశాం. ఆపిన చెయ్యి బహుశా నాదే. తర్వాత ఎవరో డిస్కు పీకేసి మామూలు డిస్కు పెట్టారు. దాంతో కార్డే ఒక చివరైంది. సెట్టింగ్ మాత్రం అలాగే ఉండిపోయింది. అందరూ తోక దగ్గరి మూత చూశారు, తల వైపు ఎవరూ చూడలేదు. ఆన్ చేసి, వేగం మళ్ళీ 10కి పెట్టి టేపు తిప్పాం. అటెండరు టీ తెచ్చి, గ్లాసులు కూడా పట్టుకెళ్ళాక, టేపు చివరిదాకా ఆగకుండా చదివింది. గుమస్తా గారి లెక్క ప్రింటు తీశాం.

ఇలాంటి పని పెట్టుకునేవాళ్ళకి ఒక హెచ్చరిక. పవర్ ఉండగా ఈ కేబుళ్ళు పీకడం, పెట్టడం చెయ్యకండి. టర్మినేటర్‌కి కరెంటు ఇచ్చే ఫ్యూజు పోతే, అన్నీ సరిగ్గా ఉన్నట్టే కనిపిస్తూ ఏదీ పనిచెయ్యదు. తర్వాత వచ్చిన వేగమైన స్కజీ, ఎల్‌వీడీ రకం డ్రైవ్‌లకైతే చాలావాటికి లోపల టర్మినేటర్ ఉండదు, కేబుల్ చివర విడిగా తగిలించాలి.

ఇక వేలం వేసే ఆఫీసులకి నా విన్నపం. బీరువాలో టేపులు ఉంచుకుని, వాటిని చదివే డ్రైవ్‌ని తూకానికి అమ్మేస్తున్నారు. లేదా డ్రైవ్ ఉంచి కార్డు, కేబుల్ లాటులో కలిపేస్తున్నారు. డ్రైవ్, కార్డు, కేబుల్, టర్మినేటర్ నాలుగూ ఒకే సంచిలో వేసి, ఏది దేనికి తగిలించాలో కాగితం మీద రాసి, టేపుల పక్కనే పెట్టండి. టేపుల్లో ఉన్నది వేరేచోటికి ఎక్కించుకుని, సరిగ్గా వచ్చిందో లేదో చూసుకున్నాక ఆ సంచి కూడా నిరభ్యంతరంగా అమ్ముకోండి.

– ఒక విశ్రాంత కంప్యూటర్ మెకానిక్, గుడివాడ