పోయిన పుస్తకం ఎవరి జీతంలో కోయాలి? ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం.

పిల్లలు లైబ్రరీ ముఖం చూడటం లేదని, ఫోన్లు వచ్చి చదువు చెడిందని ప్రతి సభలోనూ వినపడుతోంది. ఏ యూనివర్సిటీ రీడింగ్ రూముకైనా పొద్దున తొమ్మిదింటికి వెళ్ళి చూడండి, కుర్చీ దొరకదు. గ్రూప్స్‌కీ, డీఎస్సీకీ, బ్యాంకు పరీక్షలకీ చదివేవాళ్ళు సొంత మెటీరియల్, సొంత నీళ్ళ సీసా తెచ్చుకుని రాత్రి దాకా కదలరు. ఖాళీగా ఉండేది బీరువాల మధ్య దారి. బీరువాలకు తాళాలున్నాయి మరి. క్యాంపస్ తోటకు గేటుంది, గేటుకూ తాళమే. ల్యాబులో పనిముట్ల అల్మరాకైతే రెండు.

తాళం వేసినవాళ్ళను తప్పుపట్టలేం. లైబ్రేరియన్ బదిలీ మీద వెళ్ళేటప్పుడు తన చేతిలోని పుస్తకాల చార్జి లిస్టు అప్పగించాలి. రిజిస్టర్లో ఉన్న పుస్తకం ర్యాకులో లేకపోతే డబ్బు కట్టమంటారు, రిటైరయ్యేవారికైతే బకాయిల్లేవనే నో డ్యూస్ కాగితం ఆగుతుంది. మల్టీమీటరు కాలిపోతే ల్యాబ్ అసిస్టెంటు సంజాయిషీ రాసుకోవాలి. ఇంత భయం పెట్టి, 'విద్యార్థుల్ని ఆకర్షించండి' అని సర్క్యులర్ పంపితే ఏం లాభం? కాలేజీల్లో ఈ పనులే చేసే మేం అడిగేది పెద్ద నిధులు కాదు. వాడితే అరిగే వస్తువుకు, తిరిగితే పోయే పుస్తకానికి, నేర్చుకునేవాడి చేతిలో చచ్చే మొక్కకు ఫలానా మేరకు నష్టం రాసుకోవచ్చని ఒక జీవో. మిగతావన్నీ దాని వెనకే నడుస్తాయి.

ఇందులో కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. కేంద్ర ప్రభుత్వ జనరల్ ఫైనాన్షియల్ రూల్స్, 2017లో 215వ నిబంధన చూడండి. ఏడాదిలో ఇచ్చిన, చదివిన ప్రతి వెయ్యి పుస్తకాలకు 5 పోతే అది సహజ నష్టమే అంటుంది, మోసమో నిర్లక్ష్యమో కారణం కానంతవరకు. వెయ్యి రూపాయలు దాటిన పుస్తకం, అరుదైన పుస్తకం పోతే మాత్రం విచారణ తప్పదు. లెక్క చూసే పద్ధతీ అందులోనే ఉంది: 20,000 పుస్తకాల లోపు ఏటా పూర్తిగా, 50,000 దాకా కనీసం మూడేళ్ళకోసారి, అంతకు మించితే మూడేళ్ళ లోపు నమూనా తనిఖీ. ఇదే నిబంధనను మన యూనివర్సిటీలకూ ప్రభుత్వ డిగ్రీ కాలేజీలకూ పేరు పెట్టి వర్తింపజేయండి. కాలేజీ నోటీసు బోర్డులో అంటించుకునేంత స్పష్టంగా ఉండాలి.

ఇక్కడో చిన్న మెలిక. నిబంధన 'ఇచ్చిన, చదివిన' పుస్తకాలు అంటోంది. మన లైబ్రరీలు ఇచ్చినవే లెక్కపెడతాయి. అక్కడే కూర్చుని చదివి పెట్టేసినవి ఎవరి లెక్కలోకీ రావు. ఏడాదికి 4,000 ఇష్యూలున్న కాలేజీలో 20 పుస్తకాల దాకా నష్టం రాసుకోవచ్చు. అక్కడ చదివినవి మరో 8,000 ఉన్నాయనుకుంటే ఆ సంఖ్య 60 అవుతుంది. అందుకని చదివిన పుస్తకాన్ని ర్యాకులో పెట్టొద్దని, బల్ల మీదే వదలమని బోర్డు పెట్టాలి. సాయంత్రం ఆ బల్లల మీదివన్నీ బార్‌కోడ్ స్కానరుతో చదివించాలి. లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కోహాలో లోకల్ యూజ్ (అక్కడే చదివినవి) కింద అవి నమోదవుతాయి. దీనివల్ల ఇంకో మేలుంది. పోయాయనుకున్న పుస్తకాల్లో చాలా భాగం తప్పు ర్యాకులో దూరి ఉంటాయి. పెట్టేది పాఠకుడు కాకుండా సిబ్బంది అయితే ఆ తప్పు తగ్గుతుంది.

వేళల సంగతి కూడా. క్లాసులు జరిగే టైముకే లైబ్రరీ తెరిచి, క్లాసులు అయ్యేసరికి మూస్తే డేస్కాలర్ ఎప్పుడు రావాలి? రాత్రి ఎనిమిది దాకా తెరవండి. పోటీ పరీక్షలవాళ్ళకు వేరే గది ఇవ్వండి. ఖాళీగా ఉన్న క్లాస్‌రూమైనా చాలు, ఫ్యాన్లు, లైట్లు, దగ్గర్లో బాత్‌రూమ్ ఉంటే. వాళ్ళను వెళ్ళగొట్టమని అనడం లేదు, వాళ్ళకు ర్యాకులతో పని లేదంతే.

తలుపు తెరిచాక లోపల పనుండాలి. రెండు పనులు చెబుతాం.

మొదటిది మరమ్మతు బల్ల. చిరిగిన పుస్తకానికి సెల్లోటేపు వేయడం మన దగ్గర జాతీయ అలవాటు. కొన్నేళ్ళకు టేపు పసుపురంగుకు తిరుగుతుంది, జిగురు కాగితంలోకి దిగుతుంది, లాగితే అక్షరాల్నీ తీసుకుపోతుంది. చిరుగుకు పల్చటి టిష్యూ కాగితం, గంజి జిగురు వాడాలి. వీపు వదిలిన పుస్తకానికి తెల్ల పీవీఏ జిగురు సన్నగా కుంచెతో రాసి, రెండు చెక్కల మధ్య బోల్టులు బిగించి రాత్రంతా ఉంచాలి. కొత్తవాళ్ళు చేసే తప్పు ఒకటే, జిగురు ధారాళంగా పోస్తారు. అది పేజీల మధ్యకు కారి, పుస్తకం ఇక తెరుచుకోదు. అందుకే మొదటి నెల పాత టెలిఫోన్ డైరెక్టరీల మీద చేయించాలి.

రెండోది తెలుగు కేటలాగు. చాలాచోట్ల తెలుగు పుస్తకాల వివరాలు ఇంగ్లిష్ అక్షరాల్లో, ఎవరికి తోచిన స్పెల్లింగుతో వాళ్ళు ఎక్కించారు. విద్యార్థి తెలుగులో టైపు చేస్తే సున్నా ఫలితాలు. యూనికోడ్ కాని పాత 'అను' ఫాంట్లలో ఉన్న జాబితాను నేరుగా అతికిస్తే గజిబిజి గుర్తులే వస్తాయి, ముందు యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. అన్నిటికన్నా ముందు ఒక పేజీ నియమావళి రాసుకోవాలి: ఇంటిపేరు ముందా వెనకా, 'చరిత్రము' అని ముఖపత్రం మీదుంటే అలాగే ఉంచాలా, 'గ్రంధాలయం' అని 'ధ'తో వెతికేవారికి 'గ్రంథాలయం' ఎలా కనపడాలి. ఇది తేల్చకుండా మొదలెడితే ముప్పై మంది ముప్పై రకాలుగా ఎక్కిస్తారు. పుస్తకం చేతిలో పెట్టుకుని చేస్తే గంటకు 12 దాటడం కష్టం. గంటకు 50 చేశామని ఎవరైనా అంటే ఆ రికార్డులు మళ్ళీ చూడాల్సిందే.

ఇక తోట. క్యాంపస్ తోటలు ఎందుకు చస్తాయో అందరికీ తెలుసు, ఎవరూ రాయరు. వనమహోత్సవం రోజు ఫొటో దిగుతారు, డిసెంబరు దాకా పచ్చగా ఉంటుంది, ఏప్రిల్లో పరీక్షలు, మేలో సెలవులు. జూన్‌లో వచ్చేసరికి గోతులు మిగులుతాయి, మళ్ళీ ఏడాది అవే గోతుల్లో నాటొచ్చు. తోటను సెమిస్టరుకు సరిపోయేలా అల్లితే ఈ బాధ ఉండదు.

రెండు సెంట్లు చాలు. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున 12 మడులు, మధ్యలో దారులు, ఓ మూల కంపోస్టు. వెడల్పు నాలుగడుగులే ఎందుకంటే రెండు వైపుల నుంచి చెయ్యి మధ్యకు అందాలి. అందకపోతే మడిలో కాలు పెడతారు, తొక్కిన మట్టి గట్టిపడుతుంది. మడికి ముగ్గురు. అంతకు మించితే ఒకరు చేస్తారు, మిగిలినవాళ్ళు సెల్ఫీలు తీస్తారు. జులైలో తోటకూర, గోంగూర, బెండ వేయాలి. తోటకూర నెలలోపే కోతకు వస్తుంది, బెండ ఒకటిన్నర నెలకు కాయడం మొదలెడుతుంది, అంటే సెమిస్టరు పరీక్షలకు ముందే ఫలితం కంటికి కనపడుతుంది. నవంబరు చివర్లో పాలకూర, కొత్తిమీర, ముల్లంగి, టమాటా. వేసవిలో మడులన్నీ ఎండాకుతో మందంగా కప్పేయాలి. మే చివర తొలకరి పడగానే జనుము గానీ జీలుగ గానీ చల్లి, పూత దశలో నేలలో కలిపేస్తే కొత్త బ్యాచికి మట్టి సిద్ధం. సెలవుల్లో కూడా బతకాల్సినవి గట్టు వెంబడి వేసుకోవాలి: మునగ, కరివేపాకు, నిమ్మ.

నీటి లెక్క విద్యార్థులచేతే వేయించాలి. ఒక మడి సుమారు 3 చదరపు మీటర్లు. రోజుకు 5 మిల్లీమీటర్ల నీరు కావాలనుకుంటే 15 లీటర్లు, 12 మడులకు 180. 500 లీటర్ల ట్యాంకు నిండుగా ఉంటే శని, ఆదివారాలు గడిచిపోతాయి. ట్యాంకును ఐదడుగుల దిమ్మె మీద పెట్టి డ్రిప్ వేశామని సంబరపడేచోటే పొరపాటు జరుగుతుంది. నీరు చుక్కలుగా వదిలే డ్రిప్పర్ మీద గంటకు 4 లీటర్లు అని రాసేది దాదాపు పది మీటర్ల ఎత్తు నుంచి పడే ఒత్తిడికి. ఒకటిన్నర మీటరు ఎత్తుకు అదే డ్రిప్పర్ గంటకు ఒకటిన్నర లీటరు మాత్రమే ఇస్తుంది. కాబట్టి మడికి 16 డ్రిప్పర్లు పెట్టి దాదాపు 40 నిమిషాలు వదలాలి. ఒత్తిడి మారినా నీరు ఒకేలా ఇచ్చే ప్రెషర్ కాంపెన్సేటింగ్ రకం ఖరీదెక్కువ, పైగా ఇంత తక్కువ ఒత్తిడికి అది పనిచేయదు. ట్యాంకు మీద వెలుతురు పడితే పాచి పడుతుంది, పాచి ఫిల్టరును మూసేస్తుంది. వారానికోసారి ఫిల్టరు విప్పి కడిగే డ్యూటీ పేరు రాసి పెట్టాలి. హాస్టల్ ఆర్వో ప్లాంటు వదిలేసే నీళ్ళు 'వృథా పోతున్నాయి' అని తోటకు తిప్పుతుంటారు. దయచేసి వద్దు. ఉప్పంతా అందులోనే ఉంటుంది, ఆకుల అంచులు మాడిపోతాయి, మట్టి మీద తెల్లగా పొర కడుతుంది. వాటిని బాత్‌రూములు కడగడానికి వాడుకోండి.

పొద్దున్నే ఊడ్చి తగలబెట్టే ఎండాకును ఆపినా చాలు, ఎరువుకు కొదవ ఉండదు. ఎండాకు ఒక్కటే పోస్తే ఏడాదైనా కుళ్ళదు. మూడు తట్టల ఎండాకుకు ఒక తట్ట పచ్చిది, అంటే మెస్సులో కూరగాయల తొక్కలో పేడో కలపాలి. కుప్ప మూడడుగుల ఎత్తూ వెడల్పూ ఉంటేనే లోపల వేడెక్కుతుంది. పిడికిట పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. వాసన వస్తోందంటే తడి ఎక్కువైందని, ఎండాకు కలిపి తిరగేయాలి. అన్నం, సాంబారు మాత్రం పడనీయొద్దు, ఎలుకలొస్తాయి.

తోటకూ లైబ్రరీకీ వంతెన విత్తనాల అర. పుస్తకం అరువిచ్చినట్టే పొట్లం అరువివ్వడం, పంట చివర రెండు పొట్లాలు తిరిగి తీసుకోవడం. పొట్లం మీద పంట, ఊరు, విత్తనం తీసిన నెల ఉండాలి. మొదటి ఏడాది టమాటా, చిక్కుడుతోనే ఆగండి. వాటి పువ్వు చాలావరకు తనంతట తానే ఫలదీకరణం చెందుతుంది, రకం చెడదు. బీరలో గానీ సొరలో గానీ రెండు రకాలు పక్కపక్కన ఉంటే కలిసిపోతాయి. వాటి పూలు సాయంత్రం విచ్చుకుంటాయి కాబట్టి చేత్తో పుప్పొడి అద్ది గుడ్డ కట్టే పని హాస్టల్ పిల్లలకే వీలవుతుంది. ఇచ్చేముందు పది గింజలు తడిగుడ్డలో చుట్టి ఎన్ని మొలిచాయో చూడాలి. ఏడుకు తగ్గితే ఆ పొట్లం ఇవ్వకూడదు. గింజ బాగా ఎండకుండా సీసాలో పెడితే బూజు, ఎండాక మూత వదులైతే చిక్కుడుకు పుచ్చు. డిగ్రీ మొదటి ఏడాది తర్వాత చేసే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టుకు ఇది బంగారం లాంటి అంశం. సొంతూళ్ళో ఎవరి పెరట్లో ఏ పాత రకం మిగిలిందో అడిగి రాసుకుని, గుప్పెడు గింజలు తేవడం. జిరాక్స్ షాపులో దొరికే స్పైరల్ బైండింగ్ రిపోర్టులో గింజలుండవు.

వర్క్‌షాపు గురించి ఒక్క ఉదాహరణ చాలు. తేమ కొలిచే సెన్సర్ పెట్టి మోటారు దానంతటదే ఆన్ అయ్యేలా చేయడం ప్రతి కాలేజీలోనూ చేసే ప్రాజెక్టు. ఎగ్జిబిషన్ రోజు పనిచేస్తుంది, నెలకు చస్తుంది. ఎందుకు? మట్టి గుండా కరెంటు పంపి తేమ కొలిచే, చవకైన రెండు కాళ్ళ రెసిస్టివ్ సెన్సర్‌లో ఎప్పుడూ కరెంటు పారుతుంది, తడి మట్టిలో లోహం తినేసుకుపోతుంది. లోహం మట్టికి తగలని కెపాసిటివ్ రకం తీసుకుని, బోర్డు అంచులకు గోళ్ళరంగు రెండు పూతలు వేసి, కొలిచే క్షణానికే కరెంటు ఇవ్వాలి. పొడి మట్టిలో, నీళ్ళు పోసి ఆరిన మట్టిలో అంకెలు రాసుకుంటేనే మోటారు ఆన్ కావాల్సిన గీత మధ్యలో ఎక్కడ గీయాలో తెలుస్తుంది. ఇది తెలియాలంటే ఒక సెన్సర్ పాడవాలి. పాడైన దాన్ని స్టాక్ రిజిస్టరులో 'వాడకపు సరుకు' కింద రాసే వీలుండాలి. ఇప్పుడు దాన్ని పరికరం కింద రాస్తే, చెడిపోయినా పదేళ్ళు అల్మరాలో కూర్చుంటుంది.

ఈ పనులకు విద్యార్థులకు క్రెడిట్లిచ్చే దారీ ఉంది. జాతీయ క్రెడిట్ ఫ్రేమ్‌వర్క్ 30 గంటల పనికి 1 క్రెడిట్ ఇస్తుంది. వారానికి రెండు గంటల చొప్పున 15 వారాలు. మార్కులు తేదీలున్న చేతిరాత నోటుబుక్కుకు వేయమనండి. ఏది చచ్చింది, ఎందుకు చచ్చింది అని రాసినవారికి తగ్గించొద్దనండి. కాలేజీకి 25,000 రూపాయల ఇంప్రెస్టు, అంటే చిల్లర ఖర్చులకు ముందుగా ఇచ్చే డబ్బు, ప్రిన్సిపాల్ చేతిలో ఉంచండి. రెండు కిలోల జనుము విత్తనానికి మూడు కొటేషన్లు తెచ్చేలోపు అదను దాటిపోతుంది.

జీవోకు తొందరెందుకంటే, జనుము చల్లేది మే చివర. ఆ పని చేయాల్సిన పిల్లలు అప్పటికి ఇళ్ళకు వెళ్ళి ఉంటారు. గేటు తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది, తీయమని చెప్పే కాగితం ఆయన చేతికి ఏప్రిల్లోపు అందాలి.

ఇట్లు,
కాలేజీ గ్రంథాలయాల్లో, తోటల్లో, వర్క్‌షాపుల్లో పనిచేసేవాళ్ళం